రాత్రి కలిపి, రేపు వడ్డించే సలాడ్

అమెరికాలో జూలై 4న ఏ పార్కుకి వెళ్ళినా, కాల్చిన మాంసం, మొక్కజొన్న పొత్తుల పక్కన ఒక పెద్ద తెల్లటి గిన్నె కనిపిస్తుంది. లోపల వంపు తిరిగిన మాకరోనీ, ఉడికిన గుడ్డు ముక్కలు, వాటిని పట్టి ఉంచే చిక్కటి మయోనైజ్, పైన ఎర్రగా చల్లిన పాప్రికా కారం. చర్చి విందుల్లోనూ ఇదే గిన్నె. చావు జరిగిన ఇంటికి ఇరుగుపొరుగు తెచ్చిపెట్టే భోజనంలోనూ ఇదే. దీన్ని ఎవరూ పనిగట్టుకుని పొగడరు. అయినా బాగా కుదిరిన గిన్నె సాయంత్రానికల్లా ఖాళీ అవుతుంది. కుదరనిది రెండు గరిటెలు తగ్గి అక్కడే ఆగిపోతుంది, ముద్దకట్టి, అడుగున నీళ్ళు తేలి. రెండింటిలోనూ పడ్డవి అవే దినుసులు, బహుశా ఒకే కొట్టులో కొన్నవి. తేడా అంతా చేసిన చేతిలో ఉంది.

ఈ సలాడ్‌ని చేసిన వెంటనే ఎవరూ తినరు. ముందురోజు రాత్రి కలిపి ఫ్రిజ్‌లో పెడతారు, మర్నాడు మధ్యాహ్నం బల్ల మీదికి వస్తుంది. పొయ్యి ఆర్పేసినా ఆ మధ్య గంటల్లో గిన్నెలో పని ఆగదు. మాకరోనీ బిగుస్తుంది, చుట్టూ ఉన్న తడిని తాగేస్తుంది. పచ్చి ఉల్లిపాయ ఘాటు గిన్నెంతా పాకుతుంది. చల్లబడే కొద్దీ ఉప్పూ పులుపూ నాలుకకి తక్కువగా తెలుస్తాయి. కాబట్టి రాత్రి రుచి చూసినప్పుడు అన్నీ అమిరినట్టుంటే, రేపటికి అది చప్పబడటం ఖాయం. దూరప్రయాణానికి దద్దోజనం కట్టే మన అమ్మలకి ఈ లెక్క బాగా తెలుసు. పెరుగు కొంచెమే వేసి, పాలు ఎక్కువ పోసి, కలిపేటప్పుడు మరీ జారుగా ఉందనిపించేలా కలుపుతారు. మూత తీసే వేళకి అది సరిగ్గా బిగుసుకుని, సరిగ్గా పులిసి ఉంటుంది. ఈ సలాడ్ చేయి తిరిగినవాళ్ళు చేసేదీ అదే. ప్రతి దినుసునీ ఇప్పుడు ఉన్నట్టు కాక, రేపు ఉండబోయే తీరుని బట్టి తూచుకుంటారు.

ముందు మాకరోనీ సంగతి. పన్నెండు మందికి ఒక పౌండు డబ్బా, అంటే సుమారు 450 గ్రాములు చాలు. ఇటలీ వంట నేర్చినవాళ్ళు పాస్తాని పంటికి కాస్త తగిలేలా ఉడికించి దించమంటారు. వేడివేడిగా తినే పాస్తాకి అది సబబే. ఇక్కడ మాత్రం డబ్బా మీద రాసిన సమయం దాటి మరో రెండు నిమిషాలు, పూర్తిగా మెత్తబడేదాకా ఉడికించాలి. ఉడికేటప్పుడు నీరు పీల్చి విచ్చుకున్న పిండి రేణువులు చల్లారాక మళ్ళీ దగ్గరికి జరిగి గట్టిపడతాయి. ఫ్రిజ్‌లో పెట్టిన అన్నం బిరుసెక్కేదీ ఇందుకే. రాత్రి పంటికి తగిలిన మాకరోనీ మర్నాడు నమలాల్సి వస్తుంది. రాత్రి కాస్త మెత్తగా అనిపించినదే మర్నాటికి సరైన పదునుకి వస్తుంది. ఉడికించే నీళ్ళలో ఉప్పు ధారాళంగా పడాలి. మాకరోనీ లోపలికి ఉప్పు చేరేది ఆ కొద్ది నిమిషాల్లోనే. తర్వాత పైన ఎంత చల్లినా మయోనైజ్ ఉప్పగా అవుతుందే తప్ప మాకరోనీ చప్పగానే మిగులుతుంది.

వార్చాక ఒక్కసారి చన్నీళ్ళు పోసి, చిల్లుల గిన్నెలో గట్టిగా కుదపాలి. పైనున్న జిగురు కడుక్కుపోతుంది, ఉడకడం ఆగుతుంది. పూర్తిగా చల్లబరచకూడదు, గోరువెచ్చగా ఉండాలి. ఎందుకంటే నాకు ఈ వంటలో అన్నిటికన్నా నచ్చే పని ఇప్పుడే జరుగుతుంది. రెండు మూడు చెంచాల వెనిగర్ ఆ వెచ్చటి మాకరోనీ మీద చల్లి, కలిపి, పది నిమిషాలు వదిలేస్తారు. వెచ్చగా ఉన్న మాకరోనీ దాన్ని లోపలికి పీల్చుకుంటుంది. మర్నాడు తినేటప్పుడు పులుపు మయోనైజ్‌లోంచి కాక మాకరోనీ లోపల్నుంచి వస్తుంది. తొందరపడి అదే వేడి మీద మయోనైజ్ కూడా వేశారా, అది విరిగి నూనె తేలుతుంది. వెనిగర్‌కి వెచ్చదనం కావాలి, మయోనైజ్‌కి చల్లదనం కావాలి. ఈ రెంటి మధ్య ఉన్న కాసేపటి ఓపికే చాలామంది దగ్గర ఉండదు.

ఇక గుడ్లు. ఎనిమిది తీసుకుందాం. తాజా గుడ్డు మంచిదని మనకి అలవాటైన మాట, కానీ ఉడకబెట్టి ఒలవడానికి తాజా గుడ్డు పనికిరాదు. పెట్టిన రోజు తెల్లసొనలో క్షారగుణం తక్కువ, పీహెచ్ 8కి అటూ ఇటూ. రోజులు గడిచేకొద్దీ పెంకులోని సన్నని రంధ్రాల గుండా కార్బన్ డయాక్సైడ్ బయటికి పోయి అది 9 దాటుతుంది. అప్పుడు తెల్లసొన లోపలి పొరకి అంత గట్టిగా అతుక్కోదు. వారం కిందటి గుడ్డు పెంకు పెద్ద పెద్ద పెచ్చులుగా ఊడి వచ్చేది అందుకే. గుడ్లని చన్నీళ్ళలో వేసి పొయ్యి మీద పెట్టడం కన్నా, మరుగుతున్న నీళ్ళలోకి గరిటెతో మెల్లగా దించడం మేలు. ఒక్కసారిగా తగిలిన వేడికి తెల్లసొన చప్పున గట్టిపడి పొర నుంచి విడివడుతుంది. మంట తగ్గించి పదకొండు, పన్నెండు నిమిషాలు ఉంచాలి. మన దగ్గర గుడ్లు అమెరికా గుడ్ల కన్నా చిన్నవి, ఒక నిమిషం తగ్గించుకోవచ్చు. తర్వాత నేరుగా ఐసు నీళ్ళలోకి.

ఐసు నీళ్ళు ఆర్భాటం కోసం కాదు. పచ్చసొన 70 డిగ్రీల సెల్సియస్ లోపే గట్టిపడుతుంది. ఆపైన తగిలే వేడంతా చెరుపే. తెల్లసొనలోంచి వెలువడే గంధకపు వాయువు పచ్చసొనలోని ఇనుముతో కలిసి బూడిదరంగు, ఆకుపచ్చ కలిసిన వలయం కడుతుంది. తింటే ప్రమాదమేమీ లేదు, కానీ తెల్లటి సలాడ్‌లో ఆ రంగు మాసినట్టు కనిపిస్తుంది, వాసనా తెలుస్తుంది. సలాడ్ గిన్నెలో పచ్చసొన రంగు చూస్తే చాలు, ఆ ఇంట్లో గడియారం చూసి వండారో లేదో చెప్పెయ్యవచ్చు.

ఒలిచిన గుడ్లని ఏం చేస్తారన్నది మామూలు వంటకీ మంచి వంటకీ గీత గీస్తుంది. చాలామంది గుడ్లన్నిటినీ ఒకే తీరుగా తరిగి కలిపేస్తారు. కలిపేటప్పుడు పచ్చసొన ఎలాగూ చితికి, అక్కడక్కడ పొడిపొడిగా అంటుకుంటుంది. నేర్పరి ముందే విడదీస్తారు. ఎనిమిదింటిలో నాలుగైదు పచ్చసొనల్ని మెత్తగా మెదిపి, అందులోకి కొద్దికొద్దిగా మయోనైజ్, ఒక చెంచా ఆవముద్ద కలుపుతూ ఉండల్లేకుండా చేస్తారు. మయోనైజ్ అన్నదే పచ్చసొన బలంతో నిలిచే పదార్థం. నూనె, పులుపు నీరు తమంతట తాము కలిసి ఉండవు. పచ్చసొనలోని లెసిథిన్ వగైరా నూనె బిందువుల్ని చుట్టి వాటిని ఒకదానితో ఒకటి కలవనివ్వవు. దానికి మెదిపిన పచ్చసొన తోడైతే మరింత చిక్కబడి, గుడ్డు రుచి ప్రతి ముద్దలోకీ చేరుతుంది. తెల్లసొనని మాత్రం వేలి గోరంత ముక్కలుగా, గరుకుగా కోసి పక్కన ఉంచుతారు. మిగిలిన గుడ్లు మూడు నాలుగింటిని పెద్ద ముక్కలుగా కోసి అన్నిటికన్నా చివర కలుపుతారు. ఇలా ఒక్క గుడ్డే మూడు రకాలుగా గిన్నెలో ఉంటుంది. ఒకటి వెన్నలా కలిసిపోయి కనిపించదు, ఒకటి పంటికి తగులుతుంది, ఒకటి కంటికి కనబడుతుంది. ఈ పని విలువ తినేవాళ్ళెవరికీ తెలియదు. బాగుందని మాత్రం అంటారు.

మయోనైజ్ సీసాకీ ఒక చరిత్ర ఉంది. ఇంట్లో చేత్తో గిలక్కొట్టి చేయాల్సినన్నాళ్ళు ఇది తీరికా పనివాళ్ళూ ఉన్న ఇళ్ళ వంటగానే ఉండేది. న్యూయార్క్‌లో కొట్టు నడిపిన జర్మన్ వలసదారు రిచర్డ్ హెల్‌మన్ 1912లో గాజు సీసాల్లో అమ్మడం మొదలుపెట్టాడు. దక్షిణ కరోలినాలోని గ్రీన్‌విల్‌లో యూజీనియా డ్యూక్ అనే ఆమె 1917లో దగ్గర్లోని క్యాంప్ సెవియర్ సైనికులకి శాండ్‌విచ్‌లు అమ్మేది. వాటిలోని మయోనైజే ఆమెకి పేరు తెచ్చింది. ఆ పేరుతో ఇప్పటికీ అమ్మే సీసాలో చక్కెర ఉండదు. నాకు ఈ సలాడ్‌కి అదే సరైనదనిపిస్తుంది, తీపి ఎంత కావాలో నిర్ణయం వండేవాళ్ళ చేతిలో మిగులుతుంది కనుక. మయోనైజ్ అని పేరు పెట్టాలంటే అందులో బరువు లెక్కన కనీసం 65 శాతం నూనె ఉండాలన్నది అమెరికా ప్రభుత్వ నిబంధన. 1933 షికాగో ప్రపంచ ప్రదర్శనలో క్రాఫ్ట్ కంపెనీ తెచ్చిన మిరకిల్ విప్‌లో నూనె తక్కువ, తీపి ఎక్కువ. దాంతో పెరిగినవాళ్ళు దాన్నే కోరుకుంటారు. నాకు నచ్చదు.

డబ్బా మాకరోనీకి కప్పుంపావు మయోనైజ్ పడుతుంది. అంతా ఒకేసారి కలపకూడదు. మూడొంతులు రాత్రి కలిపి, ఒక వంతు మర్నాటికి అట్టేపెట్టుకోవాలి. పొద్దున మూత తీసేసరికి మాకరోనీ తాగాల్సిందంతా తాగి ఉంటుంది. అప్పుడు మిగిలినది వేసి, మరీ బిగిస్తే రెండు చెంచాల పాలు పోసి, ఉప్పు చూసుకుని కలిపితే మళ్ళీ నిగారిస్తుంది. కరకరలాడటానికి సెలెరీ కాడలు సన్నగా తరిగి వేస్తారు. ఎర్ర ఉల్లిపాయని తరిగి, పది నిమిషాలు చన్నీళ్ళలో ఉంచి పిండితే రాత్రంతా ఉన్నా ఘాటు ముదరదు. తీపీ పులుపూ కలిసిన దోసకాయ రెలిష్ నాలుగు చెంచాలు, ముందు జల్లెడలో ఒత్తి నీరు తీసి వేయాలి. టమాటా, పచ్చి కీరా మాత్రం వద్దు. ఉప్పు తగలగానే నీరొదులుతాయి. అడుగున తేలే నీళ్ళు సాధారణంగా వాటివే.

హవాయి దీవుల్లో మాత్రం ఇదే వంట వేరే దారి పట్టింది. అక్కడ ప్లేట్ లంచ్ అంటే రెండు ముద్దల అన్నం, ఒక మాంసం కూర, పక్కన ఒక ముద్ద మాకరోనీ సలాడ్. మాకరోనీని ఇంకా మెత్తగా, ఉబ్బేదాకా ఉడికించి, వేడి మీదే వెనిగర్ పోసి, పాలతో పలచబరచిన మయోనైజ్‌ని రెండు విడతలుగా కలుపుతారు. తురిమిన క్యారెట్, ఉల్లిపాయ తప్ప ఆర్భాటం లేదు. కొందరు గుడ్లు వేస్తారు, కొందరు వెయ్యరు. సోయా సాస్‌లో ఊరిన ఘాటైన మాంసం పక్కన ఆ చప్పదనమే కావలసిన రుచి.

హైదరాబాదులోనో విజయవాడలోనో చేసుకోవాలనుకుంటే సెలెరీ బదులు కేప్సికం బాగుంటుంది. రెలిష్ దొరక్కపోతే వెనిగర్‌లో ఊరిన గెర్కిన్లు తరిగి వేయండి. ఎగుమతి కోసం ఆ చిన్న దోసకాయల్ని కర్ణాటకలో, తమిళనాడులో, ఆంధ్రప్రదేశ్‌లో పండిస్తూనే ఉన్నారు. మన దుకాణాల్లోని గుడ్డులేని మయోనైజ్ చాలావరకు కాస్త తియ్యగా ఉంటుంది. అది వాడితే తీపి మానేసి వెనిగర్, ఆవముద్ద పెంచాలి. పచ్చిగుడ్డుతో అప్పటికప్పుడు చేసే మయోనైజ్ జోలికి మాత్రం వెళ్ళవద్దు. 2024 అక్టోబరు 30న తెలంగాణ ప్రభుత్వం దాన్ని ఏడాది పాటు నిషేధించింది ఊరికే కాదు.

సీసా మయోనైజ్ సంగతి వేరు. అందులో వాడేది పాశ్చరైజ్ చేసిన గుడ్డు, పైగా పులుపు ఎక్కువ కాబట్టి క్రిములకి అది అనువైన చోటు కాదు. విందులో సలాడ్ పాడైతే నింద మయోనైజ్ మీద పడుతుంది గానీ, ఎక్కువసార్లు తప్పు వెచ్చగా వదిలేసిన మాకరోనీది, గుడ్లది, కలిపిన చేతులది. అమెరికా వ్యవసాయ శాఖ చెప్పే లెక్క ప్రకారం ఇలాంటివి ఫ్రిజ్ బయట రెండు గంటలకి మించి ఉండకూడదు. 32 డిగ్రీలు దాటిన ఎండలో ఒక గంటే. మన వేసవికి ఆ గంట కూడా ఎక్కువే. అందుకే తెలిసినవాళ్ళు ఐసు పరిచిన పళ్ళెంలో గిన్నెని కుదేసి, సగమే బయటపెట్టి, మిగతా సగం ఫ్రిజ్‌లోనే ఉంచుతారు.

డల్లస్‌లోనో న్యూజెర్సీలోనో మన తెలుగువాళ్ళ పాట్‌లక్‌లకి ఈ గిన్నె పట్టుకెళ్ళేవాళ్ళకి ఒక మాట. మన బల్ల దగ్గర గుడ్డు తిననివాళ్ళు ఎప్పుడూ ఉంటారు. పైన కనిపించే ముక్కలు ఏరేసినా, మయోనైజ్‌లోనూ మెదిపిన పచ్చసొనలోనూ గుడ్డు కనిపించకుండా ఉంటుంది. పెద్దవాళ్ళు పాస్తా కదా అని వడ్డించుకోకముందే, గిన్నె పక్కన తెలుగులో ‘గుడ్డు ఉంది’ అని పెద్దక్షరాలతో చీటీ రాసి పెట్టండి.