గరిటె పెట్టని పులుసు

తెల్లవారుజామున అయిదింటికి మామ్మగారు టబ్బు మీద కప్పిన వలని ఓ మూల పైకెత్తి, చెయ్యి నీళ్లలో పెడతారు. కళ్లు మాత్రం టబ్బు వైపు ఉండవు, రోడ్డు మీద పోయే పాల వ్యాను వైపు ఉంటాయి. కొర్రమీను వీపు మీద వేళ్లు జారిస్తారు, పొట్ట కింద ఓసారి నొక్కి వదిలేస్తారు. "ఇది రేపటికమ్మా," అంటారు కోడలితో. ఆవిడ రేపటికన్న చేప ఇవాళ కత్తిపీట దాకా రాదు. పెళ్లివారి బస్సు వచ్చి ఆగినా రాదు.

ఏలూరు నుంచి కైకలూరు వెళ్లే దారిలో, బోదె గట్టు పక్కన రేకుల షెడ్డు అది. ఎనిమిది బల్లలు, ఒక గ్రైండరు, రెండు కట్టెల పొయ్యిలు. బోర్డు లేదు. పేరు నేనూ రాయను. "రాయకండి బాబూ, ఇప్పుడొచ్చేవాళ్లకే ముక్కలు చాలడం లేదు," అన్నది మామ్మగారి షరతు. ఆవిడ అత్తగారు పెట్టిన హోటలిది. ఎప్పుడు పెట్టారని అడిగితే సంవత్సరం చెప్పరు, "డెబ్బై ఏడు ఉప్పెనకి పాక కప్పు లేచిపోయింది. అప్పటికే మాకు ఖాతాలవాళ్లున్నారండి," అంటారు. ఇప్పుడు కోడలు పొయ్యి దగ్గర, కొడుకు వడ్డనలో, మనవడు గల్లాపెట్టె దగ్గర. మామ్మగారు మాత్రం ఎనభైకి దగ్గరపడినా టబ్బు దగ్గరే. ఆ చోటు ఇంకెవరికీ ఇవ్వలేదు.

పదిహేనేళ్లుగా అక్కడ తింటున్నాను. మొదట్లో అందరిలాగే తిని, చెయ్యి కడుక్కుని, పులుసు బాగుందని చెప్పి వచ్చేసేవాణ్ణి. ఈమధ్యే వంటింట్లో నిలబడి చూస్తానని అడిగాను. "చూడ్డానికేముందండీ, పొగ తప్ప," అని నవ్వి కోడలు పీట వేసింది. నాలుగు దఫాలు, తెల్లవారుజాము నుంచి మధ్యాహ్నం దాకా కూర్చున్నాను.

ముందు ఆ చేప సంగతి. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పల్లంలో ఉంది కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు నీళ్లు తెచ్చి పోస్తాయి, ఉప్పుటేరు సముద్రానికి మోసుకుపోతుంది. 1999లో 308 చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో రామ్‌సర్ జాబితాకెక్కింది. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో చెరువుల గట్లు కొట్టించారు. అయినా ఆ చుట్టుపక్కల ఎటు చూసినా చేపల చెరువులే. వాటిలో పెరిగే బొచ్చె, శీలావతి ఐసు పరుచుకుని, ఐసు కప్పుకుని లారీలెక్కి బెంగాల్, అస్సాం వైపు వెళ్లిపోతాయి. కొర్రమీను పద్ధతి వేరు. అది గాలి పీల్చే చేప. మూరెడు నీళ్లలోనూ పైకొచ్చి గుక్క పట్టి బతుకుతుంది. అందుకే ఈ ప్రాంతంలో దాన్ని ప్రాణంతోనే అమ్మాలి, ప్రాణంతోనే కొనాలి. చచ్చిన కొర్రమీనుకి సగం ధర కూడా పలకదు. మామ్మగారి లెక్కలో అయితే దానికి ధరే లేదు.

లంక ఊళ్ల నుంచి ఇద్దరు ముగ్గురు వాడుకగా తెస్తారు, సాయంత్రంపూట, గోనెసంచి తడిపి అందులో పెట్టుకుని. వాటిని బోరు నీళ్లు పోసిన టబ్బులో వదిలి వల కడతారు, లేకపోతే తెల్లారేసరికి గెంతి గుమ్మంలో ఉంటాయి. మేత వెయ్యరు. ఒక రాత్రి కొన్నిటికి సరిపోతుంది, కొన్నిటికి రెండు రాత్రులు కావాలి. పొట్టలో మట్టి పోవాలి, ఒంట్లో మట్టి వాసన తగ్గాలి. మామ్మగారు వేళ్లతో వెతికేది అదే. పొట్ట మెత్తగా ఉబ్బి ఉంటే రేపటికి, లోపలికి లాక్కుని బిర్రుగా ఉంటే ఇవాళ్టికి. బరువు కిలో దాటాలి, కిలోన్నర మించకూడదు. మించితే కండ పీచు కడుతుందంటారు. తూకం రాయి నేనెప్పుడూ చూడలేదు.

చెరువు చేపకి వచ్చే ఆ మట్టి వాసన నిజానికి మట్టిది కాదట. నీళ్లలోని నాచు, కొన్ని రకాల సూక్ష్మజీవులు తయారుచేసే జియోస్మిన్ అనే పదార్థం వల్ల వస్తుంది. తొలకరి చినుకు పడ్డప్పుడు నేల నుంచి లేచే వాసనా అదే. నేల మీదైతే కవిత్వం రాస్తాం, పళ్లెంలో వస్తే పక్కకి తోసేస్తాం. పులుపు తగిలితే జియోస్మిన్ విరిగిపోయి వాసన లేనిదవుతుందని రసాయన శాస్త్రం చెబుతుంది. ఆ పేరు వినకుండానే ఈ నేల ఆడవాళ్లు చేపకి చింతపండు జత చేశారు. ఈ మాట మామ్మగారికి చెబితే, "మరి, ఊరికే పోస్తామేటండీ పులుసు!" అన్నారు.

తోమడం దగ్గర కోడలి పనితనం మొదలవుతుంది. పొయ్యిలో బూడిద జల్లించి డబ్బాలో ఉంచుకుంటుంది. జిగురు మీద బూడిద పడితే చేప చేతికి పట్టు ఇస్తుంది. గరుకు రాయి మీద తలవైపు నుంచి తోకకి కాదు, తోక నుంచి తలకి రుద్దుతుంది. పొలుసు అంతా పోయి తోలు తెల్లబడేదాకా రుద్దుతుంది గానీ తోలు చిరగనివ్వదు, పులుసులో ముక్కని పట్టి ఉంచేది ఆ తోలే మరి. పొట్ట చీల్చేటప్పుడు ఆవిడ మాట్లాడదు, మనం అడిగినా బదులివ్వదు. కాలేయాన్ని అంటిపెట్టుకుని పచ్చగా చేదు తిత్తి ఉంటుంది. కత్తి మొన దానికి తగిలిందా, ఆ చేప మొత్తం చేదే. నేను కూర్చున్న నాలుగు రోజుల్లో దాదాపు నలభై చేపలు కోసింది, ఒక్క తిత్తీ పగల్లేదు. తర్వాత కళ్లుప్పు, పసుపు పట్టించి మూడు నీళ్లు. మూడో నీళ్లు తేటగా ఉంటే సరే, లేకపోతే నాలుగోది.

కత్తిపీట మీద ముక్కలు వెన్నుకి అడ్డంగా, బొటనవేలు లావున పడతాయి. చేపని ఇలా అడ్డంగా కోసిన ముక్కని ఇంగ్లీషువాళ్లు స్టేక్ అంటారు, మాంసం ముక్కని అన్నట్టే. ఆ మాట వినగానే బ్రూక్లిన్‌లోని పీటర్ లూగర్ స్టేక్‌హౌస్ గుర్తొస్తుంది నాకు. 1887లో పెట్టింది. 1950లో సోల్ ఫార్మన్ అనే వ్యాపారి వేలంలో కొన్నాడు, ఈనాటికీ ఆ కుటుంబమే నడుపుతోంది. కొన్న కొత్తలో ఆయన భార్య మార్షాకి మాంసం గురించి ఏమీ తెలియదు. మాంసానికి గ్రేడు వేసే సర్కారు ఉద్యోగం చేసి రిటైరైన మనిషి ఒకాయన వెంట మార్కెట్లన్నీ తిరిగి నేర్చుకుంది. ఆవిడ తర్వాత కూతుళ్లు, వాళ్ల తర్వాత మనవరాలు కూడా అదే పనిలోకి దిగారు. కాల్చేవాళ్లు జీతగాళ్లయినా, ఎంచే పని మాత్రం ఇంటివాళ్లదే. కొల్లేటి గట్టుకీ బ్రూక్లిన్‌కీ వంటలో పోలికేమీ లేదు. ఈ ఒక్క పని మాత్రం రెండు చోట్లా ఇంట్లోనే ఉండిపోయింది. రెండు చోట్లా వంట రహస్యం అడిగేవాళ్లే ఎక్కువ. చేపైనా మాంసమైనా ఎక్కణ్ణుంచి, ఎలాంటిది అని అడిగేవాళ్లు తక్కువ.

రహస్యమంటూ ఏదైనా ఉంటే అది ఉల్లిపాయ. తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్ సంగతి జిల్లాలో తెలియనివాళ్లుండరు, కర్నూలు ఉల్లి లారీలకి లారీలు అక్కడ దిగుతుంది. కొడుకు నెలకి రెండుసార్లు గూడెం వెళ్లి బస్తాలు తెస్తాడు. పెద్ద గడ్డలు అడగడు, నీరు తక్కువ ఉన్న చిన్నవే ఏరిస్తాడు. సగం ముద్ద నూరతారు, సగం సన్నగా తరుగుతారు. ముద్ద పులుసుకి చిక్కదనమిస్తుంది, తరుగు నూనెలో ఎర్రగా వేగి తీపి ఇస్తుంది. నూనె నువ్వులది. ధనియాలు, జీలకర్ర, కొంచెం మెంతులు దోరగా వేయించి నూరింది, కారం, పచ్చిమిరపకాయ చీలికలు, కరివేపాకు. మసాలా పొట్లం ఆ షెడ్డు గడప తొక్కలేదు. మామిడి రోజుల్లో చింతపండు తగ్గించి పుల్ల మామిడి ముక్కలు వేస్తారు. ఒక్కోసారి బెండకాయలు, రెండంగుళాల ముక్కలుగా. చేప చాలక బెండకాయలని కొందరు ఎగతాళి చేస్తారు గానీ, పులుసు పీల్చుకున్న ఆ బెండకాయ కోసమే వచ్చే పెద్దమనిషి ఒకాయన్ని నాకు తెలుసు.

ఇక దాక. వెడల్పు మూతి మట్టి పాత్ర, బయట నల్లగా, లోపల నూనె పీల్చి నున్నగా ఉంటుంది. పులుసు బాగా తెర్లి, పచ్చి వాసన పోయి, నూనె అంచులకి తేలాక ముక్కలు ఒక్క వరసలో పేరుస్తుంది కోడలు. ముక్క మీద ముక్క పడదు. ఆ క్షణం నుంచి గరిటె దాని దరిదాపుల్లోకి రాదు. రెండు మసిగుడ్డలు పట్టుకుని దాక అంచులు పొదివి, అటు ఓ కుదుపు, ఇటు ఓ కుదుపు. పులుసు సుడి తిరుగుతుంది, ముక్కలు కదులుతాయి గానీ విరగవు. చేప కండకి మేకమాంసంలా గట్టి పీచు లేదు, కాస్త వేడికే ఉడికి పొరలు పొరలుగా విడిపోతుంది. గరిటె తగిలితే ముళ్లు, గుజ్జు మిగులుతాయి. చాలా హోటళ్లలో చేపల పులుసంటే అదే తింటున్నాం. ఆ కుదుపులో ఎంత లయ ఉందంటే, మొదటిరోజు నేను నోట్సు రాసుకోవడం మరిచిపోయాను. ఎన్నిసార్లు కుదపాలని అడిగితే కోడలు తెల్లబోయింది. "చప్పుడు మారాలండి," అంది. నీళ్ల చప్పుడు పోయి చిక్కటి పులుసు కుతకుతలాడే చప్పుడు రావాలి. నాలుగో రోజుకి ఆ తేడా నా చెవికీ అందింది.

అప్పుడు మంట తీసేసి నిప్పుల మీద వదిలేస్తారు. పొద్దున్న తొమ్మిదింటికి దించిన దాక పన్నెండింటికి గానీ మూత తెరవరు. ముక్కకి ఉప్పూ పులుపూ ఆ మూడు గంటల్లోనే పడతాయి. నిన్నటి పులుసు ఇంకా బాగుంటుందని మన ఇళ్లలో అందరికీ తెలుసు. ఇక్కడ ఒక చిన్న దాకని రాత్రే వండి పక్కన పెడతారు, ముసలి ఖాతాదారుల కోసం. అడిగితేనే పెడతారు.

అన్నం స్వర్ణ. 1982లో మార్టేరు పరిశోధనా కేంద్రం విడుదల చేసిన రకం, ఊళ్లో ఏడువేల ఇరవైతొమ్మిది అంటే తెలుస్తుంది. సన్నన్నం రోజుల్లో ఇదేమిటని మొహం చిట్లించే కుర్రాళ్లున్నారు. పులుసుని పట్టి ఉంచడానికి ఈ గింజే మేలని నా అభిప్రాయం. సన్నబియ్యం మీద పులుసు ఆకు అంచుకి పారిపోతుంది. అరిటాకు మీద ముందు పప్పు, ఓ వేపుడు కూర. కొడుకు ఆకు వంక చూస్తూ తిరుగుతాడు, మనిషి మొహం వంక కాదు. అన్నంలో గుంట చేసుకున్నారా, పులుసు వచ్చిపడుతుంది. "ఆయ్, తోక ముక్క వేశానండి, ముల్లు చూసుకోండి," అని చెప్పి మరీ కదులుతాడు. చిన్నపిల్లలుంటే నడుం ముక్క. తలకాయ వాడుకవాళ్లకి.

బొమ్మిడాయిలు దొరికిన రోజు హోటలంతా గొంతులు తగ్గించి మాట్లాడతారు, పక్క బల్లవాడికి వినపడితే పోతాయని. పాములా సన్నగా ఉండే ఈ చేపకి వీపు పొడవునా ముళ్లుంటాయి, తోమడం కొర్రమీనుకి రెట్టింపు పని. పుల్ల మామిడితో, పులుసు కాస్త దగ్గరగా వండుతారు. అసలు ఈ ఇంటి పనితనానికి పరీక్ష అదేనంటాను. కొర్రమీను మంచిదైతే సగం వంట అదే చేసుకుంటుంది. బొమ్మిడాయి అలా కాదు, చెయ్యి తప్పితే ముళ్ల కట్టే.

అన్నీ ఇలాగే ఉంటాయనుకోకండి. చేప వేపుడు మామూలు. మనవడు పట్టుబట్టి పెట్టించిన చేప బిర్యానీ మామూలు కన్నా తక్కువ. ఆదివారం కార్లలో వచ్చేవాళ్లు అడుగుతున్నారట. అప్పడం ఎప్పుడూ మెత్తబడే ఉంటుంది. రసం గురించి చెప్పకపోవడం మర్యాద.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి ఆ నీళ్లన్నీ కొల్లేటికి దిగినప్పుడు లంక ఊళ్ల నుంచి చేప రావడం ఆగిపోయింది. ఐసు చేప కావలసినంత దొరుకుతుంది, చెరువుల మధ్యే కదా హోటలు. తెస్తానని మనవడన్నాడు. మామ్మగారు ఖాళీ టబ్బు బోర్లించి, దాని మీదే సుద్దముక్కతో "చేప లేదు" అని రాయించారు. పప్పు, కోడిగుడ్డు పులుసుతో పన్నెండు రోజులు నడిపారు. సగం బల్లలు ఖాళీ. నేనూ ఒకరోజు ఆ గుడ్డు పులుసు తిన్నాను. దాన్నీ గరిటె పెట్టకుండా, మసిగుడ్డతోనే కుదిపి దించింది కోడలు.

మొన్న వెళ్లినప్పుడు టబ్బు దగ్గర మామ్మగారి పక్కన మనవడి భార్య కూర్చుని ఉంది. నీళ్లలో చెయ్యి పెట్టి, "ఇవాళ్టికేనా మామ్మా?" అంది. మామ్మగారు తనూ చెయ్యి పెట్టి చూసి, తల అడ్డంగా ఊపారు.

ఆ దారిన వెళ్లేవాళ్లు పన్నెండున్నరకల్లా చేరండి. రెండింటికి దాకలు కడిగేస్తారు.