గంట విని బోను ఆపేవాడు, చెవితో రాయి చదివేవాడు

1883లో కోలారు బంగారు గనుల్లో, మారికుప్పం దగ్గరి మైసూరు గనికి ఒక కెప్టెన్ వచ్చాడు. పేరు ప్లమ్మర్. చుట్టూ రాతిగుట్టలు, రాగి చేలు. సముద్రం చూడాలంటే మద్రాసు దాకా పోవాలి. ఆయనది ఓడ కెప్టెన్ హోదా కాదు. ఇంగ్లండుకు పడమటి కొసన ఉన్న కార్న్‌వాల్‌లో తగరం, రాగి గనుల్లో పని నడిపించే పెద్దను కెప్టెన్ అనడం వాడుక. లోపలి పని చూసేవాడు అండర్‌గ్రౌండ్ కెప్టెన్, పైపని చూసేవాడు 'గ్రాస్' కెప్టెన్, అంటే గడ్డి మీది కెప్టెన్. గనులు నడిపే జాన్ టేలర్ అండ్ సన్స్ సంస్థ వాళ్లు కోలారుకు ఆ మనుషులతోపాటు ఆ పిలుపునూ తెచ్చారు. పెట్టుబడి కరిగిపోయి వాటాదారులు చేతులెత్తేయబోతున్న వేళ, ప్లమ్మర్ పాతకాలంవాళ్లు తవ్వి వదిలేసిన గుంతల కిందుగా వెతికించాడు. ఛాంపియన్ రీఫ్ అనే బంగారు పొర అలా దొరికింది. 2001లో మూతపడేలోగా కోలారు గనులు 800 టన్నులకు పైగా బంగారం ఇచ్చాయి.

కెప్టెన్ల సంగతి పుస్తకాలకెక్కింది. గిఫర్డ్, హీత్‌కోట్ అంటూ షాఫ్టులకు, అంటే గనిలోకి దిగే నిలువు బావులకు, దొరల పేర్లు మిగిలాయి. వాళ్లకూ కూలీకీ నడుమ నిలబడి పని నడిపిన మేస్త్రీ, మేట్, టింబర్‌మాన్, వైండింగ్ డ్రైవర్ల పేర్లు మాత్రం ఏ షాఫ్టుకూ లేవు. గనిలో మనిషి ప్రాణం ప్రతి పూటా వీళ్ల చేతుల్లోనే ఉండేది.

ఓడలోనూ ఇలాంటి అంతస్తు ఒకటి ఉంది. మన తీరంలో పడవ మీద తండేలు మాటే మాట. గోదావరి లాంచీకి సరంగు ఎలాగో అలాగ. దేశాంతరం పోయే ఆవిరి ఓడల్లో లస్కర్లనే మన నావికులకు సరంగు పెద్ద, అతని తర్వాత తండేలు. బ్రిటిష్ నౌకాదళంలో ఒకప్పుడు తాళ్లూ తెరచాపలూ చూసే బోసన్, వడ్రంగి, ఫిరంగులు చూసే గన్నర్ ఓడను అంటిపెట్టుకునే ఉండేవాళ్లు. యుద్ధం ముగిసి, ఓడను రేవులో కట్టేసి, కెప్టెన్‌నూ నావికులనూ పంపేసినా ఆ ముగ్గురూ కదిలేవాళ్లు కారు. ఓడ కీళ్లు తెలిసినవాళ్లు వాళ్లే. నావికుల్లోంచి పైకొచ్చినవాళ్లకు చీఫ్ పెటీ ఆఫీసర్ హోదా అక్కడ 1853లో వచ్చింది. ఇవాళ విశాఖలో మన నౌకాదళం ఓడల మీద కనబడే మాస్టర్ చీఫ్ పెటీ ఆఫీసర్ ఆ వంశంవాడే. ఓడ మరమ్మతు వడ్రంగం నేర్పే బడి, ఐఎన్‌ఎస్ విశ్వకర్మ, ఉన్నదీ విశాఖలోనే.

కోలారు మేస్త్రీ కథ అంత నున్నగా సాగదు. మొదట్లో అతను పనిమంతుడే కాదు, మనుషుల్ని తెచ్చేవాడు కూడా. ఉత్తర ఆర్కాటు, చిత్తూరు పల్లెల్లో బయానా ఇచ్చి జనాన్ని తోలుకొచ్చేవాడు. వచ్చినవాళ్లలో ఎక్కువమంది దళితులు. బయానా తీరేదాకా కూలివాడి మెడ మేస్త్రీ చేతిలో ఉండేది. అందుకే మేస్త్రీ అనగానే గురువని పొగిడితే సగం నిజమే అవుతుంది. పైన కంపెనీ అజమాయిషీ వేరే. 1930లో వేలిముద్రల నమోదుకు ఎదురుతిరిగి కార్మికులు సమ్మె కట్టారు. ఒళ్లు వంచి బతికేవాళ్లు తమను దొంగల్లా లెక్కగట్టడం ఒప్పుకోలేదు.

తర్వాత్తర్వాత ఆ పెద్దరికానికి చట్టం తూకం పెట్టింది. 1952 గనుల చట్టం, 1961 లోహ గనుల నిబంధనలు వచ్చాక ఫోర్‌మన్, మేట్, బ్లాస్టర్, వైండింగ్ ఇంజిన్ డ్రైవర్ ఒక్కొక్కరికీ వేరువేరు సర్టిఫికెట్ తప్పనిసరి అయింది. చుట్టరికంతోనో బయానాతోనో రాని హోదా అది. గనుల చరిత్రలో ఈ మార్పుకు దక్కాల్సినంత పేరు దక్కలేదనిపిస్తుంది.

వైండింగ్ డ్రైవర్ పని చూడండి. అతను భూమి మీద ఇంజిన్ గదిలో కూర్చుంటాడు. మనుషుల్ని దింపి ఎక్కించే బోను కిలోమీటర్ల కిందెక్కడో ఉంటుంది, కంటికి ఆనదు. ఎదురుగా లోతు చూపే ముల్లు, తాడు చుట్టుకునే డ్రమ్ము మీద రంగు గుర్తులు, చెవికి గంట, అంతే. కింద గంట కొట్టేవాడు ఎన్ని దెబ్బలు కొడితే ఏమిటో గోడ మీద పలకపై రాసి ఉంటుంది. నడుస్తుండగా ఒక్క దెబ్బ వినపడిందా, ఆపెయ్యాల్సిందే. ఎందుకని అడగడం తర్వాత. అంత పొడవు తాడు బరువుకు సాగుతుంది. ఖాళీ బోను ఆగేచోట నిండు బోను ఆగదు. ఆ తేడా చేతికి తెలియాలి. షాఫ్టులో మనుషులున్నంతసేపూ పిడి వదలకూడదు. గిఫర్డ్ షాఫ్టు లోతు 2 కిలోమీటర్లు. ఛాంపియన్ రీఫ్ గని అడుగు 3 కిలోమీటర్లు దాటుతుంది కనుక, అక్కడికి పోయేవాళ్లు మధ్యలో దిగి మరో షాఫ్టు ఎక్కాల్సి వచ్చేది. అంటే ఒక్క షిఫ్టులో ఒకరికి మించి డ్రైవర్ల చేతుల్లో ప్రాణం పెట్టి దిగడమన్నమాట.

అడుగున రాయి వేడి 65 డిగ్రీలు దాటేది. ఆ ఉక్కలో టింబర్‌మాన్ దుంగ నిలపాలి. బంగారు పొర ఏటవాలుగా దిగుతుంది. ఖనిజం తీసేసిన ఖాళీకి కిందో గోడ, మీదో గోడ. ముందు కింది గోడలో గుంట చెక్కుతాడు. దుంగ మొదలు అందులో కూర్చుంటుంది. కొసకూ మీది గోడకూ నడుమ పలక పెట్టి, చెక్క చీలికలు దిగ్గొట్టి బిగిస్తాడు. దుంగను గోడలకు సరిగ్గా అడ్డంగా పెట్టడు, కొస కొంచెం పైకి ఉండేలా పెడతాడు. పనితనమంతా ఆ 'కొంచెం'లోనే ఉంది. మీది గోడ బరువుకు జారే కొద్దీ దుంగ ఇంకా బిగుసుకుంటుంది. కొస దిగువకు వాలిందంటే అదే బరువు దాన్ని ఊడగొడుతుంది. ఎంత పైకి అన్నది ఆ గోడ వాలును బట్టి అతని కన్నే చెప్పాలి.

మేట్ పని చెవితో. పేలుడు తర్వాత కూలీలను లోనికి వదిలే ముందు కప్పునూ గోడలనూ గడ్డపారతో తట్టి చూస్తాడు. గట్టిరాయి ఖంగుమంటుంది. డొల్లరాయి గొంతు మందం. డొల్లలన్నీ దించాకే మనిషి అడుగు పెట్టాలి. కట్టె విరిగే ముందు కిర్రుమంటుంది కాబట్టి, ఆ చప్పుడు విని పరుగెత్తే వ్యవధి దొరుకుతుంది. కోలారులో అంతకంటే పెద్ద గండం రాక్‌బర్స్ట్. ఒత్తిడికి రాయే తుపాకీ గుండులా పేలుతుంది. ఊరిగాం గనిలో 1898నాటికే అది కనబడింది. దుంగలు ఆగని చోట ఖాళీలను గ్రానైట్ దిమ్మెల గోడలతో నింపడం మొదలైంది. పైన చెక్కిన రాయిని కిందికి దింపి పేర్చడమంటే, గుడి కట్టేవాడి పని చీకట్లో వంగి చేయడమే. ఈ అనుభవమంతా ఊరికే పోలేదు. జాతీయ శిలాయాంత్రిక సంస్థ 1988లో పుట్టింది ఇక్కడే, కోలారు గోల్డ్ ఫీల్డ్స్ అనే కేజీఎఫ్‌లో.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. 1965లో కాస్మిక్ కిరణాల నుంచి పుట్టిన న్యూట్రినోల జాడను ప్రపంచంలో మొదటగా పట్టిన చోట్లలో కోలారు ఒకటి. టాటా ఇన్‌స్టిట్యూట్, ఒసాకా, డరమ్ శాస్త్రవేత్తలు హీత్‌కోట్ షాఫ్టు వైపు 2.3 కిలోమీటర్ల లోతున పరికరాలు పెట్టారు. ఆ పరికరాలను భద్రంగా దింపిన బోను ఇదే, వాటి నెత్తిన రాయిని నిలిపిన చేతులు ఇవే. పరిశోధన పత్రాల మీద పేర్లు శాస్త్రవేత్తలవి. అది న్యాయమే, పక్కన మరో వరుస కూడా ఉండాల్సింది.

2001 ఫిబ్రవరి 28న, అప్పటికి ఈ గనులు నడుపుతున్న భారత్ గోల్డ్ మైన్స్ మూతపడింది. షాఫ్టుల్లో నీళ్లు చేరాయి. బంగారం తీశాక మిగిలిన సైనైడ్ దిబ్బలు ఊరి మధ్యనే తెల్లగా నిలబడి ఉన్నాయి. సర్టిఫికెట్ ఉన్నవాళ్లు కొందరు వేరే గనులకు పోయారు. ఎక్కువమంది కార్మికుల పిల్లలు తెల్లవారుజామునే మారికుప్పంలో రైలెక్కి బెంగళూరులో కొలువులకు పోతున్నారు. గనిలో మాట్లాడిన తమిళం, తెలుగు, కన్నడం, ఇంగ్లిషు కలిసిన పనిభాషను ఎక్కడా పూర్తిగా రాసిపెట్టలేదు. దాన్ని రాసుకోదలచినవాళ్లు బంగారపేటలో రైలు మారి ఛాంపియన్‌లో దిగితే చాలు. అరుగుల మీద కూర్చున్న ముసలివాళ్లలో గంట దెబ్బల లెక్క అప్పజెప్పగలవాళ్లు ఇంకా ఉన్నారు.