ఎదురు రాకపోకలు లేని ప్రయాణం: దండారి-గుస్సాడి, ఉత్సవ వేదిక – విమర్శనాత్మక పరిశీలన

1. ఉపోద్ఘాతం

గిరిజన, జానపద కళలు దేశవిదేశాల సాంస్కృతికోత్సవాలకు తరలివెళ్లడాన్ని తెలుగు విమర్శ సాధారణంగా రెండు విధాలుగా చూస్తోంది. మరుగున పడిన కళకు గుర్తింపు లభించిందన్న సంతృప్తి ఒకటి. కళ తన నేలను విడిచి సహజత్వాన్ని కోల్పోయిందన్న ఆవేదన మరొకటి. పైకి పరస్పర విరుద్ధంగా కనిపించినా, ఈ రెండింటికీ ఆధారం ఒకే భావన: కళ ఒకచోట స్థిరంగా ఉంటుందని, ప్రయాణం దానికి బయటినుంచి వచ్చిందని. ఆదిలాబాద్ రాజ్‌గోండుల దండారి-గుస్సాడి సంప్రదాయం ఈ భావనను పునఃపరిశీలించవలసిన అవసరాన్ని కల్పిస్తోంది.

2. దండారిలో ప్రయాణం

దీపావళికి ముందు రోజులలో ఏత్మాసూర్ పేన్‌కు పూజ చేసి గోండు గూడేలు దండారిని ప్రారంభిస్తాయి. దండేపల్లి మండలం గుడిరేవులో గోదావరి ఒడ్డున ఉన్న పద్మల్‌పురి కాకో క్షేత్రాన్ని అనేక బృందాలు దర్శిస్తాయి. ఒక గూడెం బృందం వాద్యాలతో మరో గూడేనికి అతిథిగా వెళుతుంది. ఆతిథేయులు ఎదురువచ్చి స్వాగతిస్తారు; ఆటపాటలతో రాత్రి గడుస్తుంది. తరువాత ఆ గూడెం వారు వీరి ఊరికి రావడం మర్యాద. నెమలి ఈకల టోపీ, ఒంటినిండా విభూతి ధరించిన గుస్సాడి ఆ రోజులంతా దీక్షలో ఉంటాడు, స్నానం చేయడు. కొలబొడితో దీక్ష, పండుగ రెండూ ముగుస్తాయి.

కాబట్టి ప్రయాణం దండారి నిర్మాణంలోనే ఉంది. అయితే ఆ ప్రయాణానికి కాలనియమం, దీక్ష, తిరుగు ఆతిథ్యం అనే మూడు కట్టుబాట్లున్నాయి. విమర్శ పరిశీలించవలసింది కళ ఎంత దూరం వెళ్లిందన్నది మాత్రమే కాదు. ఈ మూడింటిలో దేనిని వెంట తీసుకువెళ్లగలిగిందన్నది కూడా.

3. గోండుల దగ్గరకు వచ్చినవారు

1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం మరణానంతరం నిజాం ప్రభుత్వం గోండుల స్థితిగతుల అధ్యయనాన్ని మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్‌కు అప్పగించింది. ఆయన, భార్య బెట్టీ ఎలిజబెత్ మార్లవాయిలో నివసించి గోండుల జీవితాన్ని పరిశీలించారు. ఆదిలాబాద్ రాజ్‌గోండులపై ఆయన గ్రంథం 1948లో వెలువడింది. వారి సమాధులు మార్లవాయిలో ఉన్నాయి. పరిశీలకులుగా వచ్చినవారు ఆ ఊరితో శాశ్వత సంబంధం ఏర్పరచుకున్నారు.

కేస్లాపూర్ నాగోబా జాతరలోని దర్బారు కూడా 1940ల దశకంలోనే మొదలైంది. పుష్య అమావాస్యకు జరిగే ఈ జాతర కోసం మెస్రం వంశీయులు కాలినడకన హస్తినమడుగుకు వెళ్లి గోదావరి జలం తెస్తారు. కొత్త కోడళ్లను దేవుని సన్నిధిలో పరిచయం చేసే ‘భేటింగ్’ కూడా అక్కడే జరుగుతుంది. అటువంటి చోటికి అధికారులు వచ్చి గోండుల వినతులు వినాలన్నది దర్బారు ఆశయం. తిథినీ స్థలాన్నీ ఆతిథేయులే నిర్ణయిస్తారు. ఆ వినతులు ఎంతవరకు పరిష్కారమయ్యాయన్నది వేరే ప్రశ్న.

4. వేదిక మీద మిగిలేది

ఉత్సవ వేదిక మీద ఈ క్రమం తలకిందులవుతుంది. తేదీని నిర్వాహకులు నిర్ణయిస్తారు; దీక్ష లేకుండానే టోపీ ధరించవలసి వస్తుంది; పారితోషికంతో, ప్రశంసాపత్రంతో సంబంధం ముగుస్తుంది. కరీంనగర్ ప్రాంతపు ఒగ్గుకథలోనూ ఇటువంటి పరిణామం కనిపిస్తుంది. మొక్కుకున్నవారి ఇంట పట్నం వేసి రాత్రంతా చెప్పే మల్లన్న కథ నుంచి డోలు విన్యాసం విడివడి ప్రభుత్వోత్సవాల ఊరేగింపులకు అలంకారమైంది. హనుమాజీపేట మిద్దె రాములు వంటి కథకుల కళకు ప్రాణమైన కథనం అక్కడ వినిపించదు.

అయినా వేదికను తిరస్కరించడం సులభమూ కాదు, న్యాయమూ కాదు. మార్లవాయికి చెందిన కనకరాజు గుస్సాడిని ఢిల్లీ వేదికల దాకా తీసుకువెళ్లారు. 2021లో పద్మశ్రీ పొందారు. 2024 అక్టోబరులో మరణించేవరకు ఎందరో యువకులకు ఆ నృత్యం నేర్పారు. వేదిక ఇచ్చిన గౌరవాన్ని ఆయన ఊరికే తిరిగి చేర్చారు. అది ఆయన వ్యక్తిగత నిష్ఠ వల్ల సాధ్యమైంది. ఉత్సవ వ్యవస్థ కల్పించిన ఏర్పాటు వల్ల కాదు.

ఈ లోపాన్ని గుర్తించిన ప్రయత్నాలు లేకపోలేదు. 1985లో వాషింగ్టన్‌లో స్మిత్‌సోనియన్ సంస్థ నిర్వహించిన జానపదోత్సవంలో ‘మేళా’ పేరుతో భారతీయ జాతర వాతావరణాన్నే నిర్మించారు. కళాకారులు, వృత్తికారులు, సందర్శకులు ఒకే ఆవరణలో కలిసి మెలగారు. వేదికకూ ప్రేక్షకునికీ మధ్య దూరం తగ్గింది. కానీ చూసినవారు చూపినవారి ఊరికి తిరిగి రావలసిన బాధ్యత అక్కడా ఏర్పడలేదు.

5. ముగింపు

ఈ పరిశీలన పరిశోధన పద్ధతికీ వర్తిస్తుంది. ఇరవై నిమిషాల వేదిక ప్రదర్శనను చిత్రీకరించి దానినే గుస్సాడిగా వర్ణిస్తే, ఉత్సవ నిర్వాహకుని కత్తిరింపు శాస్త్రీయ ప్రమాణంగా స్థిరపడుతుంది. ప్రదర్శన ఏ తిథిన జరిగింది, దీక్ష ఉన్నదా, ఎవరు ఆహ్వానించారు, తిరుగు ఆతిథ్యం ఉన్నదా అనే వివరాలను వేషధారణ, వాద్యాల వివరాలతో సమానంగా నమోదు చేయవలసి ఉంది. అలాగే దీపావళి రోజులలో గూడేనికి వెళ్లి, సిద్ధాంత గ్రంథం పూర్తయిన తరువాత మళ్లీ ఆ గూడేనికే వెళ్లి దానిని వినిపించే పరిశోధకుడు దండారి మర్యాదను పాటించినవాడవుతాడు. అతిథిగా వెళ్లినవారు ఆతిథ్యాన్ని తిరిగి ఇవ్వాలన్న గోండుల నియమం ఉత్సవ నిర్వాహకులకు ఎంత అవసరమో విశ్వవిద్యాలయాలకూ అంతే అవసరం.