రాధికా సాంత్వనము: ఏరి చదివినవారి తీర్పు

ధనుర్మాసం వచ్చినదంటే తిరుమల ఆలయంలో సుప్రభాతానికి బదులు తిరుప్పావై వినబడుతుంది. గోదాదేవి తమిళంలో పాడిన ఆ పాశురాలను తెలుగు చేసినవారిలో పద్దెనిమిదవ శతాబ్దపు తంజావూరు కవయిత్రి ముద్దుపళని ఒకరు. ఆ అనువాదం జోలికి ఏ ప్రభుత్వమూ పోలేదు. ఆమె రచించిన రాధికా సాంత్వనము మాత్రం మూడున్నర దశాబ్దాలు నిషేధంలో మ్రగ్గినది.

ఆ కావ్యంపై మొదట పడినది ప్రభుత్వపు చేయి కాదు, పరిష్కర్త కత్తెర. పైడిపాటి వెంకటనరసు ప్రకటించిన తొలి ముద్రణలలో కొన్ని పద్యాలు లోపించాయి. లోపించినవన్నీ శృంగార పద్యాలేనా అంటే కాదు. కవయిత్రి తన వంశంలోని స్త్రీలను స్మరించుకొన్న పద్యాలు సైతం పోయాయి. అవ్వ పేరు చెప్పుకోవడంలో అశ్లీలమేమున్నదో పరిష్కర్తకే తెలియాలి! బెంగుళూరు నాగరత్నమ్మ మూలప్రతిని సంపాదించి, 1910లో వావిళ్ళ వారిచేత సంపూర్ణ గ్రంథాన్ని అచ్చువేయించారు. కందుకూరి వీరేశలింగం పంతులు ముద్దుపళనిని నిందించగా, పురుష కవుల శృంగారానికి వర్తించని కొలబద్ద స్త్రీకి మాత్రం ఎందుకని ఆమె నిలదీశారు. ఈ ప్రశ్నకు నేటికీ తగిన సమాధానం రాలేదు.

1911లో ప్రతులు స్వాధీనమయ్యాయి. ఇక్కడ అనువాద విద్య తెలిసినవారు ఆగి చూడవలసిన విషయం ఒకటున్నది. తీర్పు చెప్పిన అధికారుల ముందున్నది కావ్యం కాదు. ప్రభుత్వ అనువాదకుడు తాను ఆక్షేపణీయమని తలచి ఆంగ్లంలోనికి దించిన భాగాలు. రాధ తాను పెంచిన ఇళను కృష్ణునికిచ్చి పెండ్లి చేస్తుంది. ఆ తరువాత అసూయతో, విరహంతో కుములుతుంది. చివరకు కృష్ణుడే వచ్చి ఆమెను ఓదారుస్తాడు. ఈ కథలో నుండి శయ్యాగృహాన్ని మాత్రం ఊడబెరికి, ఛందస్సూ చమత్కారమూ లేని పరభాషలో పెట్టి చూపితే ఏ కావ్యం నిలుస్తుంది? అనువాదకుడు అబద్ధమాడనక్కరలేదు, ఏరుకొంటే చాలు. టంగుటూరి ప్రకాశం మద్రాసు ప్రధానమంత్రిగా ఉన్న 1946-47 కాలంలో గాని ఆ నిషేధం తొలగలేదు. వావిళ్ళ వారు 1952లో గ్రంథాన్ని మరల ముద్రించారు.

ఏరి చదవడంలోని ప్రమాదం మదరసాలో చదివిన పిల్లవానికి కూడ తెలుసు. నమాజుకు సంబంధించిన ఒక ఆయతులో మొదటి భాగం మాత్రమే వినిపిస్తే నమాజు దగ్గరకే పోవద్దన్నట్లుంటుంది. మత్తులో ఉన్నప్పుడు అన్న తరువాతి మాట కలిపితేనే అసలు ఆజ్ఞ తెలుస్తుంది. 1985లో దివ్యఖుర్ఆన్‌నే జప్తు చేయవలసినదిగా కలకత్తా హైకోర్టులో వేసిన పిటిషను కూడ ఈ విధంగా ఏరిన ఆయతుల జాబితాయే. జస్టిస్ బసక్ ఆ సంవత్సరం మే నెలలో దానిని కొట్టివేశారు.

కాని నాలుగేండ్లు తిరగకముందే ముస్లిం నాయకులు అటువంటి కత్తినే చేతబట్టారు. సల్మాన్ రష్దీ నవల దిగుమతిని భారత ప్రభుత్వం 1988 అక్టోబరులో నిషేధించినది. నిషేధాన్ని కోరినవారిలో ప్రముఖుడైన పార్లమెంటు సభ్యుడు సయ్యద్ షహాబుద్దీన్ తాను ఆ నవల చదవలేదని, చదవబోనని బహిరంగంగానే ప్రకటించారు. ప్రవక్త (స) పట్ల అవమానం కలిగించే గాయం నిజమైనది, దానిని తేలికచేయడం తగదు. అయితే గజాలీ తత్వవేత్తలను ఖండించినపుడు వారి వాదాన్ని ముందు పూర్తిగా వివరించారు. ఇబ్ను రుష్ద్ గజాలీకి బదులు చెప్పినపుడు ఆయన వాక్యాలను దాదాపు సాంతం ఎత్తి చూపారు. ఆ సంప్రదాయపు వారసులకు చదవని పుస్తకంపై తీర్పు శోభించదు. ఇక ఆ దిగుమతి ఉత్తర్వు ప్రతి ఎంత వెదకినా దొరకలేదు. అది లేదనే భావించవలసి ఉంటుందని 2024 నవంబరులో ఢిల్లీ హైకోర్టు పేర్కొన్నది.

చిత్తూరు జిల్లా ఏర్పడినది కూడ రాధికా సాంత్వనము స్వాధీనమైన 1911లోనే, ఆ మద్రాసు రాజధానిలోనే. అయితే ఈ సీమలోనే మరొక మార్గం కూడ కనబడుతుంది. తాళ్ళపాక అన్నమాచార్యుల రాగిరేకులలోని శృంగార సంకీర్తనలను తిరుమల తిరుపతి దేవస్థానమే సంపుటాలుగా అచ్చువేయించినది. వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ వంటి పండితులు ఆ పనికి పూనుకొన్నారు. అలమేలుమంగ శృంగారం దేవస్థానానికి సిగ్గుచేటు కాకపోగా సంపద అయినది. ముద్దుపళని రాధకు అటువంటి అండ లేకపోయినది.

పౌర గ్రంథాలయాలలో ఈ వ్యవహారం మరింత మెత్తగా సాగిపోవచ్చు. ప్రభుత్వం పుస్తకాన్ని జప్తు చేయాలంటే గజెటులో ప్రకటించాలి, కారణాలు చెప్పాలి. ఆ ఉత్తర్వుపై రెండు నెలల లోపల హైకోర్టుకు పోవచ్చు, ముగ్గురు న్యాయమూర్తులు వినాలి. గ్రంథాల ఎంపిక పట్టికలో ఒక పేరును కలంతో కొట్టివేస్తే ఇవేవీ ఉండవు. హిందువు, ముస్లిం, క్రైస్తవుడు అందరూ ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ పన్ను చెల్లిస్తున్నారు. కాబట్టి చిత్తూరులో గాని, 2022లో వేరు జిల్లా అయిన తిరుపతిలో గాని పాఠకుడు అడిగిన పుస్తకం లేదన్నపుడు, కొనలేదా, పోయినదా, వద్దనుకొన్నారా అని తెలుసుకొనే చిట్టా ఒకటి అతనికి అందుబాటులో ఉండాలి. వద్దనుకొన్నట్లయితే, వద్దన్నవారు ఆ పుస్తకాన్ని మొదటి పుట నుండి చివరి పుట వరకు చదివారా లేదా అన్నది కూడ అందులో వారిచేతనే వ్రాయించాలి.