సెలైన్ ఎక్కించే చేతులు

కిడ్నీలు దెబ్బతిన్న వీధిపిల్లిని చేరదీసి ఇంట్లోనే సెలైన్ ఎక్కించేవాళ్ల నేర్పు చూస్తే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. రింగర్స్ లాక్టేట్ అనే సెలైన్ ద్రవం సంచిని వేడినీళ్లలో కాసేపు ఉంచి, మణికట్టుకు ఆనించి గోరువెచ్చగా ఉందో లేదో చూసుకుంటారు. కిటికీ కొక్కేనికి తగిలించి, గొట్టంలోని గాలిబుడగల్ని పోగొడతారు. భుజాల మధ్య వదులు చర్మాన్ని గుడారంలా పైకెత్తి, ఆ మడతలోకి సూదిని తడబడకుండా దించుతారు. పిల్లితో మెల్లగా మాట్లాడుతూనే ఉంటారు. డాక్టరు చెప్పిన మోతాదు, చాలాసార్లు 100 మిల్లీలీటర్లు, కొద్ది నిమిషాల్లో చర్మం కిందికి చేరి క్రమంగా ఒంట్లోకి ఇంకుతుంది. నీరసం తగ్గిన పిల్లి మళ్లీ గిన్నె దగ్గరికొస్తుంది. ఈ జబ్బు నయం కాదని వాళ్లకు తెలుసు. ఇంతకుముందు పోయిన పిల్లుల బెంగా తీరలేదు. అయినా మిగిలిన రోజుల్ని సుఖంగా గడపనిచ్చే ఈ విద్య, పెంచినవాళ్ల దుఃఖానికి కూడా రోజూ ఒక ఆసరా.