నిమ్మ వేళ్ళకు కత్తెర

మా పక్క ఫ్లాట్ ఆవిడ ఈ వారం ఒక నిమ్మచెట్టును చెత్తబండికి ఇచ్చేయబోయారు. "నాలుగేళ్ళుగా పెంచుతున్నానండీ. మొదట్లో కాసింది, ఇప్పుడు పూతే లేదు. నర్సరీ అతనేమో ఇంకా పెద్ద కుండీ కొనమంటాడు. బాల్కనీలో చోటెక్కడిది?" అన్నారు. నాకు ఆ సలహా మీద ఒళ్ళు మండింది.

ఈ శీర్షిక చదివేవారికి నా పాత వాదన తెలుసు. నిమ్మకు చోటు నేలే. కుండీలో పెంచడమంటే గొడ్డును కట్టేసి మేపడమేనని ఎన్నోసార్లు రాశాను. పొదలకూరు దగ్గర తాతయ్య తోటలో తిరిగినవాణ్ణి, ఇంకోలా తోచేది కాదు. ఆ తోట కాయ గూడూరు మార్కెట్‌కు వెళ్ళి, అక్కడ లారీలెక్కి ఢిల్లీ దాకా పోయేది. నిమ్మకు ధర పలికేది వేసవిలో. అప్పటికి కాయ అందాలంటే ఐదారు నెలల ముందే పూత రావాలి. అందుకని తాతయ్య కొన్నాళ్ళు నీళ్ళు ఆపి చెట్లను బెట్టకు పెట్టేవారు. పాదులు తవ్వి పైపై వేళ్ళకు ఎండ తగలనిచ్చేవారు. పార తగిలి సన్నవేళ్ళు తెగేవి, ఆకులు వడలి వేలాడేవి. "చెట్లను చంపేస్తారా ఏంది!" అని నాయనమ్మ గొడవ. ఆయన పలికేవారు కాదు. తర్వాత పశువుల ఎరువు వేసి, పాదులు పూడ్చి నీళ్ళు వదిలితే కొత్త చిగురు, దాని వెంటే పూత. తోటంతా ఆ వాసనే.

ఆ పార గుర్తుకొచ్చాకే నా వాదన సడలింది. నేలలో ఉన్న చెట్టు వేళ్ళ మీదా రైతు చెయ్యి పడుతూనే ఉంది. ఫ్రాన్సులో వెర్సాయ్ రాజభవనం నారింజచెట్లు చెక్కపెట్టెల్లోనే బతుకుతున్నాయి. కొన్నింటి వయసు 200 ఏళ్ళు దాటింది. ఆ పెట్టెల పక్కలు తెరుచుకుంటాయి కాబట్టి చెట్టును ఎత్తకుండానే వేళ్ళు కత్తిరించి మట్టి మార్చవచ్చు.

ఆవిడా నేనూ కలిసి చెట్టును కుండీలోంచి లాగాం. మట్టికన్నా వేళ్ళే ఎక్కువ, గోడ వెంట చుట్టలు తిరిగి ఉన్నాయి. పోసిన నీళ్ళు పక్కలనుంచి జారి అడుగు కంతలోంచి పోతున్నాయి, ముద్ద మధ్య మాత్రం పొడి. చుట్టూ, అడుగునా కలిపి మూడోవంతు వేళ్ళు కోశాం. మిగిలిన వేళ్ళు మునుపటంత ఆకును పోషించలేవు గనుక కొమ్మలూ తగ్గించాం. ఎర్రమట్టి, బాగా మాగిన పశువుల ఎరువు, కొబ్బరి పొట్టు, కాస్త ఇసుక, గుప్పెడు వేపపిండి కలిపి మళ్ళీ అదే కుండీలో నాటాం. మొదలు పాత మట్టం కన్నా లోతుకు పోనివ్వలేదు. కాండం చుట్టూ తడి నిలిస్తే బంక కారు తెగులు పట్టుకుంటుంది. అంటుమొక్కయితే అంటు కట్టిన చోటు మట్టికి పైనే ఉండాలి. పది రోజులు నీడలో ఉంచమన్నాను.

ఎదిగే చిన్న మొక్కకైతే ఉన్నదాని కన్నా రెండంగుళాలు ఎక్కువ వెడల్పున్న కుండీ ఇవ్వాల్సిందే. దాన్ని ఒకేసారి డ్రమ్ములో నాటితే, వేళ్ళు చేరని మట్టిలో తడి నిలిచి కుళ్ళు మొదలవుతుంది.

నేల ఉన్నవారు నేలలోనే పెట్టండి, ఆ మాట వదలను. లేనివారు చెట్టును పారేసేముందు ఒకసారి వేళ్ళు చూడండి. రెండుమూడేళ్ళకోసారి, ఎండలు తగ్గి తొలకరి పడ్డాక, పాత కుండీలోనే కత్తెర వేసి కొత్త మట్టి పోయండి. మే నెలలో మాత్రం దాని జోలికి పోవద్దు.