జీను సంచిలో పురిటిగది

అర్ధరాత్రి తలుపు చప్పుడుకు లేచి, గుర్రానికి జీను కట్టి, వాగు దాటి, కొండ మీది ఇంటికి కాన్పు చేయడానికి వెళ్లిన నర్సు గురించి వింటే ముందుగా ఆమె ధైర్యాన్ని మెచ్చుకుంటాం. అమెరికాలో కెంటకీ కొండల్లో పనిచేసిన ఫ్రాంటియర్ నర్సింగ్ సర్వీస్ చరిత్ర చదివాక, ధైర్యం కంటే దాని వెనకున్న తయారీయే నాకు గొప్పగా తోచింది.

ఈ సంస్థను 1925లో స్థాపించిన మేరీ బ్రెకిన్‌రిడ్జ్ ఇద్దరు బిడ్డలను పోగొట్టుకున్న తల్లి. నర్సు చదువు ఉన్నా అది చాలదని లండన్ వెళ్లి కాన్పులు చేయడం నేర్చుకున్నారు. స్కాట్లండ్ కొండల్లో, దీవుల్లో నర్సులు ఇంటింటికీ వైద్యం ఎలా అందిస్తున్నారో స్వయంగా చూసొచ్చారు. ఆ పద్ధతిని రోడ్లు లేని, డాక్టరు దొరకని లెస్లీ కౌంటీలో నాటారు. ఐదారు మైళ్లలోపు ఇళ్లకు గుర్రం మీద చేరుకునేలా నర్సుల కేంద్రాలు కట్టించారు. కబురు పట్టుకుని తండ్రి రాగలిగితే, ఎంత రాత్రయినా, ఎంత వానయినా నర్సు తల్లి దగ్గరికి చేరాలన్నది అక్కడి నియమం.

వాళ్ల జీను సంచులు చూడాలి. మామూలు వైద్యానికి ఒక జత, కాన్పులకు ఒక జత. కాన్పుల జత బరువు సుమారు 40 పౌండ్లు, అంటే 18 కిలోలు. వెళ్లిన ఇంట్లో పొయ్యి, నీళ్లు ఉంటే చాలు, మిగతాదంతా సంచిలోంచే రావాలి. పురిటిగదిని గుర్రం వీపు మీద మోసుకెళ్లడమే అది.

అంతకంటే విలువైనది వాళ్ల రొటీన్స్ పుస్తకం. డాక్టర్ల సలహా సంఘం ఆమోదంతో, డాక్టరు లేనప్పుడు నర్సు ఏం చేయవచ్చో అందులో రాసిపెట్టారు. ఏ మందు ఇవ్వాలి, ఏ పని తన చేతిది కాదు, ఎప్పుడు డాక్టరుకు కబురు పంపాలి అన్నవి అర్ధరాత్రి ఆలోచించుకోవలసిన ప్రశ్నలు కాకుండా పోయాయి. ఎక్కడ ఆగాలో తెలిసిన చెయ్యే ధైర్యంగా ముందుకు వెళ్తుంది.

1939లో ఐరోపాలో యుద్ధం రాగానే సంస్థలోని బ్రిటిష్ నర్సుల్లో చాలామంది స్వదేశం వెళ్లిపోయారు. ఆ ఏడాదే లెస్లీ కౌంటీలోని హైడెన్‌లో సొంత శిక్షణాలయం మొదలైంది. విద్యార్థినులు పుస్తకంతో ఆగలేదు. అనుభవమున్న నర్సు వెంట ఇళ్లకు వెళ్లి, ఆమె కళ్లెదుట కాన్పులు చేసి నేర్చుకున్నారు.

ప్రతి కాన్పునూ శ్రద్ధగా నమోదు చేశారు. మెట్రోపాలిటన్ లైఫ్ ఇన్సూరెన్స్ కంపెనీ గణాంక నిపుణుడు లూయీ డబ్లిన్ మొదటి వెయ్యి కాన్పుల లెక్కలను పరిశీలించి 1932లో ఫలితం ప్రకటించారు. గర్భం వల్లగానీ కాన్పు వల్లగానీ నేరుగా చనిపోయిన తల్లి ఒక్కరూ లేరు.

ఇక మన దగ్గరికొస్తే, తెలంగాణలో 2017లో నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ (కాన్పులు చేసే) శిక్షణ మొదలైంది. కెంటకీ అనుభవం చూస్తే, నర్సుకు చదువుతో పాటు రాతపూర్వకమైన అధికారం, నిండుగా సర్దిన సంచి, వెనక నిలబడే డాక్టరు కూడా ఇవ్వాలి. ఇవేవీ ఇవ్వకుండా ఆమె సాహసాన్ని పొగడటం మనకు తగదు.